నేను కత్తిరించిన మాట

ఆరేళ్ళుగా దీన్ని మోస్తున్నాను. మొదట్లో నిద్ర పట్టేది కాదు, అన్నం సయించేది కాదు. తర్వాత తర్వాత అన్నీ మామూలైపోయాయి. బరువు తగ్గలేదు, నాకే అలవాటైంది. అలవాటైందని తెలిసిన రోజున మాత్రం నా మీద నాకు నిజంగా భయం వేసింది.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు తెలియాల్సినవాళ్ళకి తెలుసు, మీకు అక్కర్లేదు. పిల్లల పేర్లు మార్చాను. ఊళ్ళు మార్చలేదు. మామిడి తోటలు లేని ఊళ్ళో ఈ తప్పు జరిగేదే కాదు కాబట్టి. నా మీద జాలిపడమని అడగను. మధ్యలో ఆపకుండా చివరిదాకా చదవండి, అంతే చాలు.

నూజివీడులో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. ఇప్పుడు డిపార్ట్‌మెంటుకి హెడ్‌ని కూడా. హెడ్ అంటే ఏమంత గొప్ప కాదు లెండి. ఇద్దరం టీచర్లం, ఒక ల్యాబు, పనిచేసేవి పనిచేయనివి కలిపి కాసిని మైక్రోస్కోపులు. మా ఆయనకి ముసునూరు దగ్గర మామిడి తోట ఉంది. పుస్తకంలో చదివిన చెట్టుని చెట్టులాగా చూడటం పెళ్ళయ్యాక ఆ తోటలోనే నేర్చుకున్నాను. క్లాసులో సరదాగా చెబుతానని పేరుంది నాకు. ఆ పేరంటే నాకు ఇష్టం. ఎంత ఇష్టమో ఇక్కడే చెప్పేయాలి, ఎందుకంటే తక్కినదంతా అందులోంచే వచ్చింది.

ఆ రోజుల్లో పొద్దున్నే కాలేజీకి బయలుదేరే ముందు వాట్సాప్ స్టేటస్‌లో ఒక మొక్క సంగతి పెట్టేదాన్ని. 'ఈ రోజు ఆకు' అని దానికి పేరు. ఒక రోజు తుమ్మ ముల్లు, ఒక రోజు జీడిమామిడి పువ్వు, ఒక రోజు మా పెరట్లో గోరింట. చుట్టాలు చూసేవాళ్ళు, తోటి లెక్చరర్లు చూసేవాళ్ళు, మా కాపు కొనే షావుకారుగారు చూసేవారు. ఏ రోజైనా పెట్టకపోతే మా ఆడపడుచు చింతలపూడి నుంచి ఫోన్ చేసి, వదినా ఇవాళ ఆకు రాలేదేంటి అని అడిగేది. ఎవరెవరు చూశారో కింద పేర్లు కనిపిస్తాయి కదా, పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య ఆ పేర్లు చూసుకుని మురిసిపోయేదాన్ని.

ఆ ఏడాదే మా ప్రిన్సిపాల్‌గారికి సోషల్ మీడియా మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. తనిఖీకి వచ్చేవాళ్ళు అడుగుతారట, పాఠాలకి ఎవరెవరు ఎలా వాడుతున్నారో చూపించమన్నారు. లెక్కల మాస్టారు పాపం రోజూ గులాబీ పువ్వుతో గుడ్ మార్నింగ్ పెట్టేవారు, దాన్నే ఫొటో తీసి ఇచ్చారు. నా స్టేటస్‌లని మాత్రం స్టాఫ్ మీటింగులో పెద్ద తెర మీద వేసి చూపించారు. అందరూ నన్ను చూసి నేర్చుకోవాలన్నారు. నేను తల వంచుకుని వద్దు వద్దన్నట్టు నవ్వాను. లోపల మాత్రం ఇంకా కొన్ని చూపిస్తే బాగుండునని ఉంది.

ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. నా ఫోన్లో పిల్లల నంబర్లు సేవ్ చేసుకునేదాన్ని కాదు. క్లాసు గ్రూపులో ఎలాగూ ఉంటారు కదా, అది చాలనుకునేదాన్ని. నేను నంబరు సేవ్ చేసుకోనివాళ్ళకి నా స్టేటస్ కనిపించదు. అంటే పాఠం కోసమని ప్రిన్సిపాల్‌గారు మెచ్చుకున్న ఆ 'ఆకు'ని నా దగ్గర పాఠం చదువుకునే పిల్లలు ఒక్కరూ చూసేవాళ్ళు కాదు. ఈ విడ్డూరం అప్పట్లో నాకు తట్టనే లేదు.

హారిక, ప్రసన్న అని సెకండియర్‌లో ఇద్దరు అమ్మాయిలుండేవాళ్ళు. ఇద్దరిదీ ముసునూరు అవతల ఒకే ఊరు. హారిక వాళ్ళది సొంత తోట. ప్రసన్న వాళ్ళ నాన్న ఆ తోటలో కోతల మేస్త్రీ, కాయ కోసే మనుషుల్ని తీసుకొచ్చి దగ్గరుండి కోయించేవాడు. నాన్నల మధ్య ఉన్న తేడా పిల్లల మధ్య ఉండేది కాదు. ఒకే ఆటోలో వచ్చేవాళ్ళు, ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళు, ఒకరి చెప్పులు ఒకరు వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఇద్దరూ ఎమ్మెస్సీ బోటనీ ఒకేచోట చేరతామని నాతో అనేవాళ్ళు. ఇద్దరిలో ఎవరు తెలివైనవాళ్ళని అడిగితే ప్రసన్న అనే చెబుతాను. పని మీద శ్రద్ధ మాత్రం హారికది.

మా వైపు మామిడి కాపుని చాలామంది పూత మీదే అమ్మేస్తారు. చలికాలంలో వ్యాపారులు తోటలు తిరుగుతారు. పూత చూసి, కాపు ఎంతొస్తుందో అంచనా వేసి, ధర ఒక మాట అనుకుంటారు. ఆ మాట మీదే తోట ఉన్న ఇంటివాళ్ళకి ఏడాది నడుస్తుంది. మాట ఖాయమయ్యేలోపు తోటలో తెగులు కనిపిస్తే ఇంటివాళ్ళు బయటికి పొక్కనివ్వరు. గబగబా మందు కొట్టుకుని బాగు చేసుకుంటారు. ఆ సంగతి వ్యాపారికీ తెలుసు, అందుకే ఆయనా రెండోసారి వచ్చి మళ్ళీ చూసుకుంటాడు. ఎవరి జాగ్రత్త వాళ్ళది.

ఒక రోజు పొద్దున్నే హారిక దగ్గర్నుంచి నాకు విడిగా ఒక వీడియో వచ్చింది. వాళ్ళ తోటలో తీసింది. ఎంత బాగా తీసిందో! ఒక పూత రెమ్మని చేత్తో పట్టుకుని మెల్లగా తట్టింది. తేనెమంచు పురుగులు టకటకమని ఎగిరాయి. ఆ చప్పుడు కూడా వినిపించింది. చూడండి మేడం, ఆకు మీద జిగురు పడింది, దాని మీద మసి పట్టింది, పూత మాడిపోతోంది అంటూ ఒక్కొక్కటీ చూపిస్తూ పోయింది. నేను రెండు పీరియడ్లు గొంతు చించుకుని చెప్పేది ఆ పిల్ల చిటికెలో చూపించేసింది. వెనకాల నీలం రంగు మోటారు షెడ్డు, దాని గోడ మీద వాళ్ళ తాతగారి పేరు కనిపించాయి. చివర్లో ఇలా అంది: "ఏం మందు కొట్టమంటారు మేడం? ఇది మాత్రం ఎవరికీ చూపించకండి. మా తోట బేరం రేపో ఎల్లుండో అయిపోద్ది."

ఆ మాట నేను విన్నాను.

వినలేదని చెప్పుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. హడావిడిలో ఉన్నాను, పొయ్యి మీద పాలున్నాయి, చివరిదాకా చూడలేదు అని నాకు నేనే ఎన్నో రకాలుగా చెప్పి చూశాను. అబద్ధం. విన్నాను కాబట్టే ఆ చివరి ముక్కని కత్తిరించాను. స్టేటస్‌లో పొడుగు వీడియో పట్టదు కదా, ఎలాగూ ఎక్కడో ఒకచోట కట్ చేయాలి అనుకున్నాను. ఎక్కడ కట్ చేశానో చూడండి. ఆ పిల్ల నన్ను బతిమాలుకున్న చోట. గోడ మీద పేరు కూడా చూశాను. ఎవరు చదువుతార్లే అనుకున్నాను. ఆ రోజుకి పెట్టడానికి నా దగ్గర వేరే ఆకు లేదు. పైగా తనిఖీవాళ్ళు ఆ వారంలోనే రావాలి. ఇలాంటి వీడియో ఇంకే లెక్చరర్ దగ్గరా ఉండదు. 'ఈ రోజు ఆకు: తేనెమంచు పురుగు' అని రాసి పెట్టేశాను.

ఏం మందు కొట్టాలో చెప్పనేలేదు. అది సాయంత్రానికి గాని గుర్తు రాలేదు.

మధ్యాహ్నం చూసినవాళ్ళ పేర్లలో షావుకారుగారి పేరు ఉంది. హారిక వాళ్ళ తోట బేరం చేస్తున్నది ఆయనేనని నాకు తెలియదు. ఇది నిజం. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు, అదీ నిజమే. ఆయన మర్నాడే వాళ్ళింటికి వెళ్ళి, ఈ ఏడాది నా వల్ల కాదండీ అని తప్పుకున్నారు. ఎందుకని వాళ్ళ నాన్న నిలదీస్తే, మీ అమ్మాయి గొంతుతోనే ఫోన్లో చూశానండీ అన్నారు. ఎవరి ఫోన్లో వచ్చిందో మాత్రం చెప్పలేదు. కబురు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో వ్యాపారులు చెప్పరు. వాళ్ళ కట్టుబాటు అది. నా అదృష్టం అనుకున్నాను అప్పుడు.

ఆ తర్వాతి రోజు క్లాసయ్యాక హారిక ల్యాబులోకి వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. నేను స్లైడ్లు సర్దుతున్నాను. చేతులు ఆపలేదు. ఆపితే మొహం చూడాల్సి వస్తుంది.

"మేడం, ఆ వీడియో మీరు ఎవరికైనా చూపించారా?"

"నేనా? లేదమ్మా. నేనెందుకు చూపిస్తాను?"

"అదే మేడం, ఇంట్లో నేనూ అదే చెప్పాను. మా మేడం అలాంటిది కాదన్నాను. నాన్న వినట్లేదు."

"ఇంకెవరికైనా పంపావా?"

"ప్రసన్నకి పంపాను మేడం. మీకు పంపే ముందు బాగా వచ్చిందో లేదో చూడమని."

"మరి చూసుకో అమ్మా."

అంతే నేనన్నది. ప్రసన్న చేసిందని అనలేదు. నేనడిగింది ఒక మామూలు ప్రశ్న, ఆ తర్వాత అన్నది ఒక మామూలు మాట. ఏ పంచాయతీలో పెట్టినా నా మాటలో తప్పు పట్టలేరు. అలా ఎవరూ తప్పు పట్టలేకుండా మాట్లాడగలగడమే నా తెలివి. ఆ తెలివితోనే ఒక పిల్ల బతుకు మార్చేశాను. హారిక సరే మేడం అని వెళ్ళిపోయింది. నేను ఫోన్ తీసి చూసుకున్నాను. స్టేటస్ అప్పటికే దానంతటదే పోయింది. గ్యాలరీలో ఉన్న ముక్కని కూడా తీసేశాను.

నాలుగు రోజుల తర్వాత ప్రసన్న వచ్చింది. నేను ఎవరికీ పంపలేదు మేడం, మీరైనా హారికకి చెప్పండి, మీరు చెబితే వింటుంది అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఇలాంటివి మీలో మీరు తేల్చుకోవాలమ్మా, నేను కల్పించుకుంటే బాగుండదు అన్నాను. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. అప్పుడే తెలిసిపోయిందా దానికి? ఏమో. ఆ చూపుని తప్పించుకోవడానికి ఆ ఏడాదంతా వాళ్ళ బల్ల వైపు తిరిగి పాఠం చెప్పలేదు.

హారిక వేరే బల్లకి మారింది. ఊళ్ళో ప్రసన్న వాళ్ళ నాన్నని కోతలకి పిలవలేదు. మేస్త్రీ కూతురే తోట పరువు తీసిందన్నారు. ఒక తోటలో పిలవకపోతే పక్క తోటలోనూ పిలవరు. వాళ్ళు బాపులపాడు వైపు చుట్టాల దగ్గరికి వెళ్ళిపోయారు. ప్రసన్న ఫైనలియర్‌కి రాలేదు. ఎందుకు రాలేదని రిజిస్టరులో రాయాల్సి వస్తే ఇంటి పరిస్థితులు అని రాశాను. ఆ పరిస్థితులు తెచ్చిపెట్టింది నేనేనని ఎవరికి తెలుసు?

నాకు నేను ఎన్ని విధాలుగా సర్ది చెప్పుకున్నానో చెబితే మీరు నవ్వుతారు. తెగులున్న తోటని దాచి అమ్మబోయారు, షావుకారు మోసపోకుండా కాపాడాను కదా అనుకున్నాను. ఎంత నీతో నాకు! ఆ పిల్ల నన్ను అడిగింది మందు పేరు. సమయానికి నేను చెప్పి ఉంటే తోట బాగుపడేది, దాచాల్సిన అవసరమే ఉండేది కాదు. అన్నిటికంటే చెప్పడానికి నోరు రాని సంగతి ఇంకొకటి ఉంది. వాళ్ళ తోట వదిలేసిన షావుకారుగారు ఆ వారమే మా తోటకి వచ్చారు. మాకు ఆ ఏడు మంచి బేరం కుదిరింది. నేను కావాలని చేశానా? లేదు. కుదిరినప్పుడు వద్దన్నానా? అనలేదు. మా ఆయనకి కూడా నిన్నమొన్నటిదాకా ఏమీ తెలియదు.

ఇలాగే గడిచిపోయేదేమో. ఈ ఏడాది హారిక మా కాలేజీకే గెస్ట్ లెక్చరర్‌గా వచ్చింది. నా పక్క కుర్చీలోనే కూర్చుంటుంది. నాకు టీ తెచ్చిపెడుతుంది. పిల్లలకి మైక్రోస్కోపు చూపిస్తూ అచ్చం నాలాగే జోకులు వేస్తుంది. మొన్న లెక్చరర్లందరికీ సోషల్ మీడియాని పాఠాల్లో ఎలా వాడాలో ఒక రోజు శిక్షణ పెట్టారు. అధ్యక్షత నాది. హారిక కూడా మాట్లాడింది. పిల్లలు మనల్ని నమ్మి పంపినవి మన దగ్గరే ఉండాలి అంది. నేను డిగ్రీలో ఉండగా ప్రాణంలాంటి స్నేహితురాలికి ఒక వీడియో పంపాను, అది బయటికి పొక్కించింది, మా ఇంట్లో ఆ ఏడాది చాలా కష్టమైంది అంది. తర్వాత నా వైపు చెయ్యి చూపించి, ఆ రోజుల్లో నన్ను నమ్మిన మనిషి మా మేడం ఒక్కరే అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతుంటే నా చేతులే నాకు పరాయిగా అనిపించాయి. ఆరేళ్ళ తర్వాత కూడా ప్రసన్న పేరు చెప్పకుండానే ప్రసన్నని నిందిస్తున్నారు. ఇంకో ముప్పై మంది లెక్చరర్లు ఆ కథ విన్నారు, వాళ్ళు వాళ్ళ పిల్లలకి చెబుతారు. దాన్ని నేను తల ఊపుతూ ఆమోదించాను. ఇంక చాలనుకున్నాను. ఆ కుర్చీలోనే అనుకున్నాను. భయం వేయలేదు. కోపం వచ్చింది, నా మీదే.

ముందు ఎవరికి చెప్పాలి? హారికకి చెప్పడం తేలిక. ఏడుస్తుంది, నేనూ ఏడుస్తాను, అక్కడితో అయిపోతుంది. అందుకే ముందు ప్రసన్న దగ్గరికి వెళ్ళాను. హనుమాన్ జంక్షన్‌లో ఒక బట్టల షాపులో పనిచేస్తోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. కూర్చోండి మేడం అని స్టూలు వేసింది. ఎవరికో చూపించిన చీరలు మడతలు పెడుతూ విన్నది. మొత్తం చెప్పాను. విన్నానని, కత్తిరించానని, మరి చూసుకో అన్నానని. మొదటిసారి ఒక పిల్ల వీడియో అడగకుండా పెట్టాను, ఈసారి నీ సంగతి నలుగురిలో చెప్పడానికి నిన్ను అడగడానికి వచ్చాను అన్నాను.

ప్రసన్న మడత ఆపలేదు. ఆ చేతులు ఆపకపోవడం ఎక్కడ చూశానో నాకు తెలుసు.

"హారికకి విడిగా చెప్పకండి మేడం. మీరంటే దానికి ప్రాణం. మీ పరువు పోద్దని లోపలే దాచేసుద్ది. అందరూ చూసేచోట చెప్పండి."

"సరే అమ్మా."

"ముక్క కూడా కట్ చేయకండి. ముందు మా నాన్నకి చెప్పి రండి. ఇంట్లోనే ఉంటాడు."

క్షమించానని అనలేదు. అనాలని నేనూ ఎదురుచూడలేదు అంటే అది మళ్ళీ అబద్ధం అవుతుంది. కాస్త ఎదురుచూశాను. రాలేదు. అడ్రస్ చెప్పింది, తన నంబరిచ్చి నా నంబరు ఫోన్లో ఎక్కించుకుంది, వెళ్ళాను. వాళ్ళ నాన్న మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. లేచి, చెప్పులేసుకుని, వీధిలోకి వెళ్ళిపోయాడు. నేను కాసేపు ఆ ఖాళీ మంచం ముందు నిలబడి, వచ్చేశాను. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన అన్నం కలిపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున, ఎప్పుడూ ఆకు పెట్టే వేళకి, ఫోను గోడకి ఆనించి నా మొహం నేను తీసుకున్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. మధ్యలో దగ్గాను, మళ్ళీ చెప్పాను. అదంతా అలాగే ఉంచాను. ఒకే స్టేటస్‌లో పట్టలేదు, వరసగా ముక్కలు ముక్కలుగా పెట్టాల్సి వచ్చింది. ఒక్క ముక్క కూడా వదల్లేదు. పెట్టే ముందు ఇద్దరి నంబర్లు ఫోన్లో సేవ్ చేశాను. హారిక. ప్రసన్న. ఇన్నేళ్ళ నౌకరీలో నేను సేవ్ చేసుకున్న మొదటి ఇద్దరు పిల్లలు వాళ్ళు.

కింద పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. మా ఆడపడుచు. లెక్కల మాస్టారు. షావుకారుగారు. ప్రిన్సిపాల్‌గారు. ప్రసన్న. కాసేపటికి హారిక. ఆ పేరు చూడగానే స్టేటస్ తీసేసే గుర్తు దాకా నా వేలు వెళ్ళింది. నిజం చెబుతున్నాను, వెళ్ళింది. ఫోన్ సంచిలో పడేసి మొదటి పీరియడ్‌కి వెళ్ళిపోయాను.

ప్రిన్సిపాల్‌గారు పిలిచి రాతపూర్వకంగా ఇమ్మన్నారు, ఇచ్చాను. ఏం చేస్తారో ఇంకా తెలియదు. హారిక నాతో మాట్లాడటం లేదు. ఒకే ల్యాబులో ఉంటాం. సాయంత్రం తాళాలు నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి వెళ్తుంది. ప్రసన్నకి ఫోన్ చేసిందో లేదో నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు.

అయినా ఆ రోజు నుంచి క్లాసులో అన్ని బల్లల వైపూ తిరిగి పాఠం చెబుతున్నాను. నాకు దక్కింది ఇదొక్కటే, ఇది చాలు.

స్టేటస్ ఒక్క రోజే ఉంటుంది. మర్నాడు పొద్దున్నకి నా మొహం, నా దగ్గు, నా మాటలు అన్నీ పోయాయి. ఒకప్పుడు అలా పోవడమే నన్ను కాపాడింది. అందుకే ఇదంతా మళ్ళీ ఇక్కడ మీకు రాశాను. ఇది దానంతటది పోదు. నేను తీసేయను.